పీత కష్టాలు పీతవేనా?

"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అన్న మాట తెలుగునాట వినని వారుండరు. ఎవరి బాధ వారిదేనని దాని తాత్పర్యం. ఈ సామెతను తరగతిలో నేను అనేక పర్యాయాలు చెప్పి ఉన్నాను. సీత కష్టాలను మన కవులు కావ్యాలుగా వ్రాసినారు. పీత కష్టాలేమిటని మాత్రం ఇంతవరకు ఏ విద్యార్థీ నన్ను అడుగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కష్టాలలో ఒకదానిని గూర్చి మన కళాశాల వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచినాను. అది డెక్క పోగొట్టుకొన్న పీత ఆకలి.

నేను జంతుశాస్త్రం చదివినవాడను కాను. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివి, తెలుగు బోధించి బ్రతికేవాడను. అట్టివాడు పీతను గూర్చి వ్రాయడమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. దానికి కారణం ఒక చిన్న సంఘటన. గత వర్షకాలంలో కొందరు విద్యార్థులతో కలిసి పుంగనూరు సమీపంలో ఒక చెరువు కట్ట మీద నడుస్తున్నాను. కట్ట క్రింది మడిగట్టున ఒక ఎండ్రకాయ కనబడినది. ఒక విద్యార్థి చప్పున దానిని పట్టి, కరుస్తుందన్న భయంతో రెండు డెక్కలూ పట్టుకొని విరిచివేసినాడు. నా ముఖం చూసి నవ్వుతూ, "ఏం కాదు సార్, మళ్ళా మొలుస్తాయి" అన్నాడు. పాఠ్యపుస్తకంలో చదివిన మాట అది. అసత్యం కాదు. కాని ఆ మాట అతనికి ఒక అనుమతి పత్రంవలె ఉపయోగపడినది. అది నన్ను కలవరపెట్టినది.

కలవరపడడానికి మరొక కారణం కూడ ఉన్నది. ఆ పని నేనూ చేసినవాడనే. నా బాల్యం పుంగనూరు ప్రాంతంలోనే గడిచినది. చెరువు నిండిన సంవత్సరం మడులలో ఎండ్రకాయలకు కొదువ ఉండేది కాదు. మా ఇంట ఎండ్రకాయ వండే అలవాటు లేదు. జలుబు చేసినప్పుడు పులుసు కాచుకొని త్రాగే ఇరుగుపొరుగువారికి దానిని పట్టడానికి ఒక కారణమైనా ఉండేది, మాకు అదీ లేదు. కేవలం ఆటకోసమే పట్టేవాళ్ళం. ఒకనాడు నేను ఒక ఎండ్రకాయ డెక్కలు రెండూ పీకి, పగిలిన కుండ అడుగున కొంచెం నీళ్ళు పోసి అందులో వదిలినాను. దానికి ఆహారంగా రెండు నత్తలను కూడ వేసినాను, దయగలవాడనన్న భావంతోనే. పొరుగు మడి రైతు, మేము మామా అని పిలిచే పెద్దాయన, అది చూసి ఒకటే ప్రశ్న వేసినాడు: "చేతులు పీకితివి సరే, అది దేంతో తింటాదిరా?"

మరునాడు చూస్తే నత్తలు రెండూ కుండ గోడ మీద ప్రాకుతున్నవి. ఎండ్రకాయ అడుగున కదలక కూర్చున్నది. మామ మాట ప్రకారం దానిని తిరిగి మడిలో వదిలినాను. తరువాత అది ఏమైనదో చూడలేదు. ఆ రైతు అక్షరాలు వచ్చినవాడు కాదు. కాని ఆయన అడిగిన ప్రశ్ననే శాస్త్రజ్ఞులు సముద్ర తీరాలలోను, ప్రయోగశాలలలోను అనేక సంవత్సరాలుగా అడుగుతున్నారని నాకు ఇటీవలనే తెలిసినది. మా జంతుశాస్త్ర శాఖ మిత్రులను విసిగించి, కొంత చదివి తెలుసుకొన్న విషయాలను ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందుగా ఈ ప్రాణిని సరిగా పరిచయం చేసుకొందాం. కోస్తావారు పీత అంటారు, మన వైపు ఎండ్రకాయ అంటాము. ఉర్దూలో కేకడా. కుప్పంలో తమిళం మాట్లాడే ఇండ్లలో నండు, కన్నడం మాట్లాడే ఇండ్లలో ఏడి. ఇన్ని పేర్లతో పిలిచే ప్రాణిని మనం పట్టి చూసినంతగా పరికించి చూడలేదు. దానికి పది కాళ్ళు. వెనుకటి ఎనిమిది నడవడానికి. ముందరి రెండు బలిసి, చివర కత్తెరవలె తెరుచుకొని మూసుకొంటాయి. అవే డెక్కలు. నోటికి ముందు తలుపు రెక్కలవలె చిన్న అవయవాల జతలు కొన్ని ఉంటాయి. డెక్క ఆహారాన్ని పట్టి, చీల్చి, నోటికి అందిస్తే, ఈ చిన్న అవయవాలు దానిని అదిమిపట్టి లోపలికి పంపుతాయి. పీత జీర్ణాశయంలో పళ్ళవంటి గట్టి భాగాలతో ఒక చిన్న తిరుగలి కూడ ఉన్నది. కాని ఆ తిరుగలిలో పడేముందు ఆహారం ముక్కలు కావలెను. ఆ పని డెక్కలది. మనిషికి చెయ్యి, కత్తి, రోకలి మూడూ వేరు. పీతకు మూడూ డెక్కే.

మన ప్రాచీనులు ఈ అవయవం శక్తిని ఎరుగనివారు కారు. పంచతంత్రంలోని మిత్రభేదంలో కొంగ, ఎండ్రకాయ కథ ఉన్నది. చెరువు ఎండిపోతుందని చేపలను నమ్మించి, ఒక్కొక్కదానినే మోసుకొనిపోయి తిన్న కొంగ, చివరకు ఎండ్రకాయనూ మోసుకొనిపోతుంది. బండ మీద చేపల ముండ్లు చూసి మోసం గ్రహించిన ఎండ్రకాయ తన డెక్కలతో కొంగ మెడను నొక్కి త్రుంచివేస్తుంది. ఈ కథయే పహ్లవీ భాషలోనికి, అక్కడినుండి 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిమీదుగా అరబ్బీలోనికి 'కలీలా వ దిమ్నా'గా వెళ్ళినది. 15వ శతాబ్ది చివర హుసేన్ వాయిజ్ కాషిఫీ పారశీకంలో 'అన్వారె సుహైలీ'గా దానిని తీర్చినాడు. తెలుగు పిల్లలూ, ఉర్దూ పిల్లలూ విన్న కథ ఒకటే. ఆ కథలోని ఎండ్రకాయకు డెక్కలు లేవనుకోండి, కొంగదే గెలుపు. అయితే కథలో డెక్క ఆయుధం మాత్రమే. ఆ ప్రాణికి నిత్యజీవితంలో అది ఆయుధంకన్న ముందు అన్నం తినే చెయ్యి అన్న సంగతి కథ చెప్పదు.

ఆ సంగతిని చక్కగా చూపినది ఐరోపా తీరాలలో నివసించే తీరపు పీత. దాని శాస్త్రీయ నామం కార్సినస్ మీనాస్. పట్టెడంత వెడల్పు ఉన్న సామాన్యమైన ప్రాణి. ఓడలవెంట పోయి అమెరికా, ఆస్ట్రేలియా తీరాలలో కూడ కాపురం పెట్టినది. దాని డెక్కలు రెండూ ఒకటివలె ఉండవు. ఒకటి, సాధారణంగా కుడివైపుది, లావుగా, మొద్దు పళ్ళతో ఉంటుంది. అది నెమ్మదిగా కదులుతుంది గాని దాని బిగువు అధికం. చిప్పలను చితుకగొట్టడం దాని పని. రెండవది సన్నగా, వాడి పళ్ళతో, చురుకుగా ఉంటుంది. పట్టడం, కోయడం దాని పని. మన ఇండ్లలో పోకచెక్కను పట్టుకొనే చెయ్యి, అడకత్తెర నొక్కే చెయ్యి వేరైనట్లు, ఇక్కడ రెండు చేతులకు రెండు వృత్తులు.

ఈ పీతకు ఇష్టమైన ఆహారం రాళ్ళకు అంటిపెట్టుకొని పెరిగే ఆల్చిప్పలు. 1978లో ఎల్నర్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు దానిని గూర్చి ఒక ముఖ్యమైన పరిశీలన ప్రకటించినారు. ఆ పీత అందిన చిప్పనల్లా పగులగొట్టదు. మరీ పెద్ద చిప్పలో మాంసం ఎక్కువే గాని పగులగొట్టడానికి పట్టే కాలమూ, శ్రమా ఎక్కువ. మరీ చిన్న చిప్ప సులువుగా పగులుతుంది గాని అందులో ఏమీ ఉండదు. పెట్టిన కాలానికి ఎక్కువ ఫలితం దక్కే మధ్యరకపు చిప్పలను అది ఏరుకొంటుంది. సంతలో ధర, సరుకు రెండూ చూసి బేరమాడే గృహిణికి ఉన్న లెక్క ఈ అల్పప్రాణికీ ఉన్నదన్నమాట.

ఇప్పుడు ఆ లావు డెక్క ఊడిపోయినదనుకొందాం. లెక్క అంతా తారుమారవుతుంది. నిన్నటి చిప్ప నేడు పగులదు. పీత చిన్న చిప్పలకు దిగిపోతుంది. కడుపు నిండడానికి ఎక్కువ చిప్పలు వెదకవలెను, ఒక్కొక్కదానితో ఎక్కువసేపు పెనుగులాడవలెను. అంతసేపూ పక్షులకు, చేపలకు, తోటి పీతలకు కనబడుతూ ఉండవలెను. దగ్గరలోనే బలమైన పీత ఉంటే, దొరికిన ముద్దను కూడ దక్కించుకోలేదు. రెండు డెక్కలూ పోతే చిప్ప అన్నమాటే లేదు. మెత్తనిది, కుళ్ళినది, ఎవరో చంపి వదిలినది ఏదైనా దొరికితే నడిచే కాళ్ళతో నోటి దగ్గరకు త్రోసుకొని తినవలెను. అది ఆకలితో చచ్చిపోతుందని కాదు. వేటాడి బ్రతికే ప్రాణి ఎంగిలి ఏరుకొని బ్రతికే ప్రాణిగా మారుతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో రాతిపీత అనే జాతిని డెక్కల కోసమే పడతారు. అక్కడి చట్టం ప్రకారం పీతను చంపరాదు, నిర్ణీత పరిమాణం గల డెక్క విరుచుకొని పీతను తిరిగి సముద్రంలో వదలవలెను. మళ్ళీ మొలుస్తుంది కదా అన్నదే దానికి ఆధారం. మా విద్యార్థి అన్న మాటను ఒక ప్రభుత్వమే అన్నదన్నమాట. 1979లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఒక డెక్క తీసిన పీతలలో నూటికి 28, రెండూ తీసినవాటిలో నూటికి 47 మరణించినట్లు తేలినది. బ్రతికినవాటి ఆహారాన్ని తరువాతి పరిశోధకులు పరిశీలించినారు. డెక్క పోయిన పీతలు చేపముక్కలు పెడితే తినగలిగినవి గాని గట్టి చిప్పలలోని ఆహారం తినడంలో బాగా వెనుకబడినవి. ఐరోపాలో ఆహారంగా వాడే పెద్ద పీతలపై బెల్ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ప్రకటించిన ఫలితం కూడ ఇట్టిదే. ఒక్క డెక్క తీసినా ఆల్చిప్పలు తినే శక్తి తగ్గినది, చేపముక్కలు పెట్టినప్పుడు మాత్రం ఆ తేడా కనబడలేదు. ఆకలి తగ్గలేదు, తినే సాధనమే తగ్గినది. "దేంతో తింటాదిరా?" అన్న మా పొరుగు రైతు ప్రశ్నకు ఇంతకన్న స్పష్టమైన సమాధానం ఉండబోదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. పీత తనంతట తానే కాలు విడిచి పారిపోవడం అందరూ చూసినదే. ప్రకృతియే ఇచ్చిన ఏర్పాటును మనం ఎందుకు తప్పుపట్టవలెను? ఈ ఏర్పాటు నిజమే. 1712లో రేమూర్ అనే ఫ్రెంచి పండితుడు ఇట్టి ప్రాణుల కాళ్ళు తిరిగి మొలవడాన్ని వర్ణించినాడు. 19వ శతాబ్ది చివర బెల్జియం శాస్త్రజ్ఞుడు లియాన్ ఫ్రెడరిక్ ఈ స్వయంవిచ్ఛేదాన్ని శ్రద్ధగా పరిశోధించినాడు. కాలి మొదట ఒక నిర్ణీతమైన చోట విరుగుటకు అనువైన గీత ఉంటుంది. శత్రువు పట్టినప్పుడు పీత అక్కడ కాలిని విడిచివేస్తుంది. లోపలి పొర వెంటనే మూసుకొనిపోయి రక్తం ఎక్కువగా పోదు. కాని ఇది ప్రాణం దక్కించుకోవడానికి చెల్లించే మూల్యం. ఇల్లు కాలుతున్నప్పుడు సామాను వదిలి బయటికి పరుగెత్తినవాడు సామాను అక్కరలేనివాడు కాదు కదా! పైగా పీత తాను విడిచిన కాలు వేరు, మనిషి మెలిపెట్టి విరిచిన కాలు వేరు. బెల్ఫాస్ట్ పరిశోధకులే 2007లో ఈ భేదాన్ని చూపినారు. బలవంతంగా విరిచినప్పుడు గాయం పెద్దది, శరీరం పొందే ఒత్తిడి ఎక్కువ, మరణాలూ ఎక్కువ.

ఇక "మళ్ళా మొలుస్తాయి" అన్న మాటకు వద్దాం. ఎట్లా మొలుస్తాయి, ఎప్పుడు మొలుస్తాయి అన్నది పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంతో సరి. పీతకు ఒంటి పైన గట్టి పెంకు. ఆ పెంకు పెరగదు గనుక పీత పెరగాలంటే పామువలె కుబుసం విడవవలెను. తెగిన చోట ముందు ఒక చిన్న మొగ్గ పుట్టి, అందులో కొత్త కాలు మడతపడి ఉంటుంది. కుబుసం విడిచిననాడు గాని ఆ మడత విప్పుకోదు. విప్పుకొన్న డెక్క పాతదానికన్న చిన్నది, బలహీనమైనది. పూర్వపు పరిమాణం రావడానికి సాధారణంగా ఒక్క కుబుసం చాలదు. మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో పట్టుపురుగులు పెంచే ఇండ్ల పిల్లలకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. పట్టుపురుగు నాలుగు పర్యాయాలు చర్మం విడుస్తుంది. దానినే రైతులు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదు. పీత కూడ కుబుసం విడిచే రోజులలో ఆహారం మానివేస్తుంది. విడిచిన తరువాత పెంకు గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉండి, ఏ శత్రువుకైనా సులువుగా చిక్కుతుంది.

అంటే పీత తన పోయిన చేతిని తిరిగి కట్టుకోవడానికి ఎక్కువ ఆహారం కావలసిన సమయంలోనే, ఆహారం సంపాదించే చెయ్యి లేక ఉన్నది. ఇదే పీత అసలు కష్టం. అప్పు తీర్చడానికి కూలికి పోవలసినవాని చేతులే జప్తు చేసినట్లున్నది ఈ పరిస్థితి. ఒంటి పెరుగుదలకు పోవలసిన పుష్టి కొత్త డెక్కకు పోతుంది. తీరపు పీతలో మరొక వింత కూడ ఉన్నది. లావు డెక్క పోయినప్పుడు, ఎదుటివైపు ఉన్న సన్న డెక్క తరువాతి కుబుసాలలో క్రమంగా లావు డెక్కగా మారవచ్చు. కుడిచేతివాటం ఎడమచేతివాటమవుతుంది. ప్రకృతి తెలివి ఆశ్చర్యకరమే. అయినా అది కుబుసాల లెక్కలో జరిగే పని, రోజుల లెక్కలో కాదు. వయసు ముదిరి కుబుసం విడవడమే మానిన పీతకు ఆ ఆశ కూడ లేదు.

ఇంతవరకు చెప్పినది సముద్రపు పీతల సంగతి. మనకు సముద్రం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ వాన మీద, చెరువు మీద ఆధారపడిన మెట్టసీమలు. మన మడిలోని ఎండ్రకాయ మంచినీటి ప్రాణి. దక్షిణ భారతదేశపు వరిమళ్ళలోని ఎండ్రకాయకు శాస్త్రజ్ఞులు ఓజియోటెల్ఫూసా సెనెక్స్ అని పేరు పెట్టినారు. మనకు సమీపంలోని తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రజ్ఞులు ఈ ఎండ్రకాయ కుబుసం విడవడాన్ని, దానిని నడిపే రసాలను గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించి, ప్రపంచానికి పరిచయం చేసినారు. ఈ ఎండ్రకాయ గ్రుడ్లు పెట్టడానికి సముద్రానికి పోదు. తల్లి తన పొట్ట క్రింద గ్రుడ్లను మోసి, పొదిగి, పిల్ల ఎండ్రకాయలను అక్కడే కొంతకాలం మోస్తుంది. మడి ఎండినప్పుడు గట్టులో బొరియ లోతుకు దిగి తడిని ఆశ్రయిస్తుంది.

ఇక్కడనే నా అభిప్రాయానికి ముఖ్యమైన ఆధారం ఉన్నది. సముద్ర తీరపు పీతకు సముద్రపు పోటు ఆహారాన్ని తెచ్చి ఇస్తుంది. మన ఎండ్రకాయకు చెరువులో నీరు, మడిలో తడి ఉన్న కొద్ది నెలలే తిండి కాలం. ఆ కాలంలో తిన్నదే బొరియలో గడిపే ఎండకాలానికి దానికి మూలధనం. కార్తిక మాసంలో డెక్క విరిచిన ఎండ్రకాయకు, అది మొలిచి పనికివచ్చేసరికి మడి ఎండిపోతుంది. ఫ్లోరిడా పీత కొంత నష్టపోతే, మన మెట్టసీమ ఎండ్రకాయ సంవత్సరపు ఆదాయమే నష్టపోతుంది. వానలు లేని సంవత్సరంలో ఒక పంట పోతే ఏమవుతుందో మన ఇండ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

రైతు సోదరులు నా మాటను మరొక విధంగా అర్థం చేసుకోరాదు. ఎండ్రకాయ గట్టుకు బొరియలు చేస్తుంది. నీరు కారిపోతుంది. లేత నారును కత్తిరిస్తుంది. దానివల్ల నష్టపడే రైతు దానిని పట్టి తొలగించడాన్ని నేను తప్పుపట్టను. తినే అలవాటు ఉన్నవారు తినడాన్నీ తప్పుపట్టను. నేను చెప్పేది ఒక్కటే. చంపవలసి వస్తే త్వరగా చంపండి. బ్రతుకనిస్తే చేతులతో బ్రతుకనివ్వండి. చేతులు విరిచి వదలడం చంపడమూ కాదు, బ్రతుకనివ్వడమూ కాదు. అందులో రైతుకు లాభం లేదు, వంటకు రుచి లేదు, విద్యార్థికి జ్ఞానం లేదు. మన దేశపు 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం జంతువు అన్న పదానికి మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవి అని అర్థం చెప్పినది. బ్రిటన్ 2022లో చేసిన చట్టంలో పీతలను, రొయ్యలను కూడ బాధ నెరిగే ప్రాణులలో చేర్చినది. అక్కడి శాసనకర్తలు ఇంత ఆలస్యంగా ఒప్పుకొన్న సంగతిని మా పొరుగు రైతు ఒక ప్రశ్నతో చెప్పినాడు.

విద్యార్థి మిత్రులారా, మీలో జంతుశాస్త్రం చదివేవారు అనవచ్చును: "చూడకపోతే ఎట్లా నేర్చుకోవాలి?" న్యాయమైన మాట. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2014లో జంతుశాస్త్ర తరగతులలో జంతువులను కోసే పద్ధతిని మానవలసినదిగా ఆదేశించినది. అది మంచి నిర్ణయం. అయితే కోయడం మానివేసి, బొమ్మలు చూసి పరీక్ష వ్రాస్తే చాలునన్న ధోరణి కొన్ని చోట్ల కనబడుతున్నది. అది మంచిది కాదు. కత్తి పక్కన పెట్టడమంటే కన్ను మూసుకోవడం కాదు. చూడవలసినది మన చెరువు క్రింద, మన మడిగట్టున బ్రతికి ఉన్నది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి చేస్తున్నాను. వచ్చే వర్షకాలంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలనుండి వచ్చే విద్యార్థులను మూడు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టుకు తమ ఊరి చెరువు క్రింది మడులను అప్పగించవచ్చును. వారు చేయవలసినది స్వల్పం. కనబడిన ఎండ్రకాయలను లెక్కించి, ఎన్నింటికి డెక్క లేదో, కుడిదా ఎడమదా, మొగ్గ కనబడుతున్నదా లేదా అన్నది ఒక పుస్తకంలో వ్రాయడం. పక్షుల వల్లనో, పోట్లాట వల్లనో డెక్క పోయిన ఎండ్రకాయలు మడిలోనే దొరుకుతాయి. మనం ఒక్క డెక్కను కూడ విరువనక్కరలేదు. అట్టిదానిని ఒకదానిని, అన్ని కాళ్ళూ ఉన్నదానిని ఒకదానిని వేరువేరు గాజుతొట్లలో ఉంచి, ఒకే ఆహారం, ఒకసారి నత్త, ఒకసారి నానిన బియ్యం, ఒకసారి వానపాము పెట్టి, ఏది దేనిని ఎంతసేపటిలో తిన్నదో గడియారం చూసి వ్రాసుకొని, రెండు రోజులకు పట్టిన చోటనే వదలివేయవలెను. దీనికి కావలసినవి కొన్ని గాజుతొట్లు, ఒక చిన్న త్రాసు, కొన్ని నోటుపుస్తకాలు. వార్షికోత్సవపు వేదిక అలంకరణకు అయ్యే వ్యయంలో కొంత భాగం చాలును. ఫలితాలను ఈ సంచికలోనే తెలుగు విభాగంలోను, ఉర్దూ విభాగంలోను ప్రకటించుకోవచ్చును. సముద్రపు పీతలను గూర్చి పరదేశీయులు వ్రాసినది చదివి అప్పగించడంకన్న, మన మడిలోని ఎండ్రకాయను గూర్చి మన పిల్లలు వ్రాసినది, అది పది పుటలే అయినా, మనకు గౌరవం.

చివరగా ఆ విద్యార్థిని గూర్చి ఒక మాట. అతడు క్రూరుడు కాడు. తరువాత నాతో కలిసి చాలాసేపు ఆ ఎండ్రకాయను చూస్తూ మడిగట్టునే కూర్చున్నాడు. దాని ముందు ఒక నత్త ఉన్నది. ఎండ్రకాయ దానిని నడిచే కాళ్ళతో దగ్గరకు లాగుకొన్నది, తిప్పినది, వదిలినది, మళ్ళీ లాగుకొన్నది. కొంతసేపటికి అతడే అడిగినాడు: "మొలిచేదాకా ఎట్లా సార్?" నాకు సమాధానం తెలియక నేనూ ఊరకున్నాను. తరువాత చదివి తెలుసుకొన్నదే ఈ వ్యాసం.

"మళ్ళీ మొలుస్తుంది" అన్నది సగం సత్యం. "మొలిచేదాకా ఎట్లా?" అన్నది మిగిలిన సగం. పాఠ్యపుస్తకం మొదటి సగం నేర్పితే, రెండవ సగాన్ని అడిగే విద్యార్థులను తయారుచేయడం కళాశాల బాధ్యత. పీత కష్టాలు పీతవే కావచ్చు. అందులో మన చేతులతో తెచ్చిపెట్టిన కష్టం మాత్రం మనదే. వచ్చే వానలకు మన విద్యార్థులు ఖాళీ చేతులతో గాక నోటుపుస్తకాలతో చెరువు కట్ట ఎక్కగలరని ఆశిస్తూ సెలవు తీసుకొంటున్నాను.